చెకుముకి తుపాకి పుట్టుక తెలుసుకుందాం – 3వ పాఠం: లాక్ ప్లేటు మీది గుర్తులు

కిందటి రెండు పాఠాల్లో తుపాకిని జాగ్రత్తగా పట్టుకోవడం, భాగాలను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి లాక్ ప్లేటు దగ్గరికి వద్దాం. గుర్రం (మీట నొక్కితే ముందుకు వచ్చి కొట్టే భాగం), మందు పళ్లెం, చెకుముకి రాయి కొట్టుకునే ఉక్కు పలక, ఇవన్నీ బిగించి ఉండే ఇనుప పలకే లాక్ ప్లేటు. తయారీదారు పేరు ఎక్కువగా కనిపించేది దీని మీదే.

మొదటి పాఠం చదవనివాళ్ల కోసం ఒక్క మాట మళ్ళీ చెప్తాను. మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగు దాకా దింపి, మూతి దగ్గర దాని మీద గుర్తు పెట్టుకోండి. బయటికి తీసి గొట్టం పక్కన అదే కొలతకు ఆనించి చూడండి. కడ్డీ కొస నిప్పు రంధ్రం (పళ్లెంలోని నిప్పు గొట్టంలోకి పోయే సన్నని కంత) దాకా రాకుండా నాలుగు వేళ్ల దూరంలోనే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టే అనుకోండి. పాత తుపాకి మందు ఎన్నేళ్లైనా పొడిగా ఉంటే అంటుకుంటుంది. ఇంకేం కదిలించకుండా పోలీస్ స్టేషన్‌లో చెప్పండి.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో పాత తుపాకి ఏది కనబడినా భర్మార్ అంటారు. సాయుధ పోరాట కాలంలో దళాల చేతుల్లో తిరిగిన భర్మార్లలో ఎక్కువ టోపీ తుపాకులు. అంటే గుర్రం వచ్చి చిన్న చనుమొన లాంటి ముక్క మీద పెట్టిన రాగి టోపీని కొడుతుంది. చెకుముకి రాయి వాటిలో ఉండదు. అయితే తొందరపడి పక్కన పెట్టేయకండి. 1840ల తర్వాత ఎన్నో చెకుముకి తుపాకులను టోపీ తుపాకులుగా మార్చారు. ప్లేటు మీద ఇనుముతోనో ఇత్తడితోనో పూడ్చిన రెండు మూడు రంధ్రాలు కనిపిస్తున్నాయా? ఉక్కు పలక, దాని స్ప్రింగు ఒకప్పుడు బిగించి ఉన్న చోట్లవి. అలాంటివి ఉంటే మీ భర్మార్ మొదట చెకుముకి తుపాకే.

గుర్తులు చదవాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి పెట్టి, ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి. కంటికి కనిపించని అక్షరాలు నీడల్లో తేలతాయి. దయచేసి చింతపండు, ఇసుక, గరుకు కాగితం పెట్టి రుద్దకండి. ఈ చెక్కడాలు చాలా పలుచన. ఒక్కసారి రుద్దితే రెండు వందల ఏళ్లు నిలిచిన పేరు పోతుంది, మళ్ళీ రాదు. మెత్తని గుడ్డ మీద రెండు చుక్కల నూనె చాలు.

మన ప్రాంతంలో దొరికే వాటిలో ఈస్టిండియా కంపెనీ తుపాకులకు ప్రత్యేక స్థానం ఉంది. 1808 దాకా వాటి మీద హృదయం ఆకారం వేసేవారు. దాన్ని గడులుగా విడదీసి కంపెనీ పొడి అక్షరాలు నింపి, పైన నాలుగు అంకె లాంటి గీత పెట్టేవారు. ఆ కాలపు ప్లేటు తోక భాగంలో కాంట్రాక్టరు పేరు, సంవత్సరం కూడా చెక్కి ఉంటాయి. విల్సన్, బార్నెట్, నాక్ లాంటివి అలా కనిపించే పేర్లు. 1808 నుంచి హృదయం పోయి, కిరీటం పట్టుకుని వెనక కాళ్ల మీద నిలబడ్డ సింహం వచ్చింది.

కిరీటం, దాని కింద జార్జి రాజు పొడి అక్షరాలు, తోక దగ్గర టవర్ అని ఉంటే అది ఇంగ్లండు రాజు సైన్యానిది. టవర్ అన్నది ఏ కంపెనీ పేరూ కాదు, లండన్ టవర్‌లోని ఆయుధాగారం. దాన్నే తయారీదారు పేరనుకుని చాలామంది పొరబడతారు.

ఫ్రెంచి తుపాకి మన దగ్గరికి ఎలా వచ్చిందంటారా? నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని నడిపిన ఫ్రెంచి దళాలు ఉండేవి. 1798లో రేమండ్ చనిపోయాడు, అదే ఏడాది ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం ప్రకారం ఆ దళాలను రద్దు చేశారు. దళాలు పోయినా ఆయుధాలన్నీ వాటితోపాటు మాయం కావు. ఫ్రెంచి తుపాకి అయితే ప్లేటు మీద షార్లెవీల్, సెంటెట్యెన్, మోబూజ్ లాంటి కర్మాగారాల పేర్లు వాలు అక్షరాల్లో ఉంటాయి. అక్షరాలు అరిగిపోయినా దారి ఉంది. ఫ్రెంచి సైనిక తుపాకిలో గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచేవి చుట్టూ వేసిన లోహపు పట్టీలు, ఇంగ్లీషు సైన్యపు చెకుముకి తుపాకి బ్రౌన్‌బెస్‌లో అయితే అడ్డంగా దూర్చిన సన్నని మేకులు. గొట్టం రంధ్రం కూడా కొలవండి: బ్రౌన్‌బెస్ సుమారు 0.75 అంగుళం, ఫ్రెంచిది సుమారు 0.69.

ఫార్సీ అంకెలు కనిపిస్తే ముందు అది ఏ శకమో తేల్చాలి. ముస్లిం పంచాంగపు హిజ్రీ అయితే 0.97తో గుణించి 622 కలపండి. 1213 హిజ్రీ 1798-99 అవుతుంది. మన సంస్థానాల్లో శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ అయితే 590 కలిపితే చాలు. పులి చారలు చెక్కి ఉంటే టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం పని కావచ్చు, అక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. టిప్పు వాడింది తాను సొంతంగా మొదలుపెట్టిన మౌలూది శకం. అందులో 1222 అంటే సుమారు 1794. దాన్ని హిజ్రీ అనుకుంటే 1807 వస్తుంది, టిప్పు 1799లోనే యుద్ధంలో పడిపోయాడు. పైగా ఆయన నాణేల మీద ఈ అంకెలు కుడి నుంచి ఎడమకు ఉంటాయి.

ఇంట్లోవాళ్లు రైఫిల్ అన్నంత మాత్రాన రైఫిల్ కాదు. టార్చి వేసి మూతిలోంచి చూడండి, లోపల మెలి తిరిగిన గాళ్లు ఉండాలి. 1800లో వచ్చిన బేకర్ రైఫిల్‌కు ఏడు గాళ్లు. లోపల నున్నగా ఉంటే అది మస్కెట్.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇదే: ప్లేటు మీది పేరు ప్లేటుకే సాక్ష్యం. గొట్టం ఇంకో చోటిది, మడమ చెక్క మన ఊరి వడ్ల ఆయన చేసింది కావచ్చు. ప్లేటుకూ చెక్కకూ మధ్య సందు ఉంటే, స్క్రూల తలలు ఒకదానికొకటి పోలకపోతే, మూడు భాగాలకు మూడు వేరు పుట్టుకలు రాసుకోండి. ఇంగ్లీషు అక్షరం తిరగబడి ఉంటే నకలే అనుకోవచ్చు, అయినా పారేయొద్దు. అక్షరం రాని మన కమ్మరి ఎవరో చూసి కొట్టిన పాత నకలు అయితే, నాకు అది లండన్ తుపాకి కంటే విలువైనది. ఆ చేతులను గుర్తించే రాతలు ఎక్కడా లేవు.

ఆయుధాల చట్టం, 1959 వాడకానికి పనికిరాని పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది. కానీ మీ తుపాకి ఆ కోవలోకి వస్తుందా అన్నది అధికారులు తేల్చాలి. అమ్మకముందే, ఊరు దాటించకముందే పోలీసులను గానీ కలెక్టరేటులో గానీ అడగండి. నూరేళ్లు దాటిన వస్తువుకు 1972 పురావస్తు చట్టం కూడా వర్తిస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

అభ్యాసం: ప్లేటును అదే సైజులో కాగితం మీద గీయండి. ప్రతి గుర్తునూ కనిపించినట్టే వేయండి, ఊహించి పూరించకండి. పూడ్చిన రంధ్రాలకు సున్నా చుట్టండి. ఇంట్లో తుపాకి లేనివాళ్లు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒకదాని ముందు నిలబడి గీయవచ్చు. వచ్చే పాఠంలో గొట్టం మీది పరీక్ష ముద్రలు చూస్తాం. అప్పుడు ఈ బొమ్మ పక్కన పెట్టుకోవాలి, దాచి ఉంచండి.