లక్ష మంది ఒకేసారి చూసే లైవ్‌లో ఆరిజిన్‌ను కాపాడుకోవడం

ముందు కాగితం మీద లెక్క వేయండి. మనిషికి 2 ఎంబీపీఎస్ చొప్పున లక్ష మందికి 200 జీబీపీఎస్ కావాలి. 10 జీబీపీఎస్ పోర్టున్న సర్వర్ 5 వేల మందికే నిండిపోతుంది. అంటే వీడియో ఉండే మన అసలు సర్వర్ (ఆరిజిన్) నుంచి నేరుగా జనానికి పంపడం కుదరదు.

వేదిక దగ్గర కెమెరా వీడియోను నెట్‌లో పంపేలా కుదించే ఎన్‌కోడర్లు రెండు, వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు రెండు పెట్టండి. అక్కడి నుంచి ఎస్‌ఆర్‌టీ అనే వీడియో పంపే ప్రోటోకాల్ మీద క్లౌడ్‌కి పంపండి. దారిలో పోయిన ప్యాకెట్లను అది మళ్లీ తెప్పించుకుంటుంది. క్లౌడ్‌లో వీడియోను 240పీ నుంచి 1080పీ దాకా ఐదు సైజులు చేసి, 4 సెకన్ల ముక్కలుగా కోసి, హెచ్‌ఎల్‌ఎస్ ప్లేలిస్టుతో (ఏ ముక్క తర్వాత ఏదో ప్లేయర్‌కి చెప్పే జాబితా) ఆరిజిన్‌లో ఉంచండి. అక్కడి నుంచి పంచే పని సీడీఎన్ ఎడ్జ్ సర్వర్లది, అంటే చూసేవాళ్లకు దగ్గర్లో ఉండి ముక్కల కాపీలను తమ క్యాష్‌లో దాచుకునే సర్వర్లది.

అసలు టెన్షన్ ఎడ్జ్‌కీ ఆరిజిన్‌కీ మధ్యే. కొత్త ముక్క తయారవగానే వందల ఎడ్జ్‌లు ఒక్కసారిగా దాని మీద పడతాయి. మధ్యలో షీల్డ్ (ఎడ్జ్‌ల రిక్వెస్టులన్నీ ముందు చేరే క్యాష్ సర్వర్) పెట్టి, రిక్వెస్ట్ కొలాప్సింగ్ ఆన్ చేయండి. ఒకే ముక్క కోసం వెయ్యి రిక్వెస్టులు వచ్చినా ఆరిజిన్ దాకా ఒక్కటే వెళ్తుంది, మిగతావి అది తెచ్చేదాకా ఆగుతాయి.

ఇదంతా పెట్టుకుని కూడా ఒక శ్రీరామనవమి కల్యాణం లైవ్‌లో దెబ్బతిన్నాను. సరిగ్గా మాంగల్యధారణ ముందు వీడియో ఆగిపోయింది. లాగ్‌లు చూస్తే కారణం దొరికింది. ఒక్కో యూజర్‌కి ఒక్కో టోకెన్ (చూసే అనుమతి ఉందని చెప్పే కోడ్) యూఆర్‌ఎల్ చివర తగిలించాం; దాంతో సీడీఎన్ అదే ముక్కను ప్రతి ఒక్కరికీ వేరే ఫైల్ అనుకుని, ప్రతిసారీ ఆరిజిన్‌కి పరుగెత్తింది. డాలస్‌లో అర్ధరాత్రి దాటినా మేలుకుని కూర్చున్న పెద్దవాళ్లకు తలంబ్రాలు మాత్రమే దక్కాయి. ఆ బాధ నాకింకా పోలేదు. టోకెన్‌ను ఎడ్జ్‌లోనే సరిచూడండి, క్యాష్ కీలోంచి (ఫైల్‌ను క్యాష్ గుర్తుపట్టే పేరు) తప్పనిసరిగా తీసేయండి.

ముక్కలు మారవు కాబట్టి గంటసేపు క్యాష్‌లో ఉంచినా పరవాలేదు. ప్లేలిస్టుకు మాత్రం 1 లేదా 2 సెకన్లు చాలు. 404 (ఫైల్ లేదు) జవాబులకు ఒక్క సెకనుకు మించి ఇవ్వకండి. లేకపోతే ముక్క వచ్చాక కూడా సీడీఎన్ లేదనే చెబుతుంది.

సెటప్ సరిగ్గా ఉందో లేదో తేల్చే లెక్క ఇది: ఐదు సైజులు, నిమిషానికి 15 ముక్కలు. అంటే చూసేది వెయ్యి మందైనా లక్ష మందైనా, ఒక్కో షీల్డ్ నుంచి ఆరిజిన్‌కి ముక్కల రిక్వెస్టులు నిమిషానికి 75 దగ్గరే ఉండాలి. జనంతో పాటు ఇవీ పెరుగుతుంటే క్యాష్‌లో తప్పుంది.

వీడియో ఒక్కటే టెస్ట్ చేసి ఊరుకోకండి. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ కాగానే జనం ఒక్కసారిగా తగ్గిపోయారు. అలా వెళ్లేవాళ్లు బ్యాక్ నొక్కితే భారమంతా హోమ్ పేజీ మీద పడుతుంది. ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం) అంత వేగంగా అందుకోలేదు, అందుకే హోమ్ పేజీ సర్వర్లను కార్యక్రమానికి ముందే పెంచి ఉంచండి.