చదువు పద్దు – 4వ పాఠం: చిట్టా నుంచి ఆవర్జాకు

గడిచిన మూడు పాఠాలు చేసినవారి నోటుబుక్కులో ఈపాటికి మొదటి పేజీలో ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు, ఎన్ని పేజీలు చదవాలన్న సంకల్పం ఉంటుంది. దాని కిందే ఏది పుస్తకంగా లెక్కకు వస్తుంది, ఏది రాదు అన్న నియమం ఉంటుంది. రెండో పేజీ నుంచి రోజుకొక వరుస: తేదీ, పుస్తకం పేరు, మొదలుపెట్టిన పేజీ, ఆపిన పేజీ. చదవని రోజు ఎదురుగా ఒక గీత. ఆ గీతలు పెట్టడం మానేసినవారు ఇప్పుడే గుర్తు తెచ్చుకుని పెట్టండి. ఈ పాఠానికి చదివిన రోజులెంత అవసరమో చదవని రోజులూ అంతే అవసరం.

పూర్వం కొట్లలో జమాఖర్చులు రాసేవారు రెండు పుస్తకాలు ఉంచుకునేవారు. ఏ రోజు బేరం ఆ రోజు, జరిగిన వరుసలోనే రాసేది చిట్టా. అందులోంచి ఒక్కొక్క ఖాతాకు చెందినవి ఏరి వేరుగా ఎక్కించేది ఆవర్జా. ఇవాళ ఏం జరిగిందో చిట్టా చెబుతుంది. ఎవరి దగ్గర ఎంత బాకీ నిలిచిపోయిందో తెలియాలంటే ఆవర్జా తీయాలి. ఇన్నాళ్లూ మనం రాసింది చిట్టా. నెలాఖరున అరగంట కూర్చుని దాన్ని ఆవర్జాకు ఎక్కించడమే ఈ పాఠం.

చాలామంది నెలాఖరున ఒకే ప్రశ్న వేసుకుంటారు: ఎన్ని పుస్తకాలు పూర్తయ్యాయి? గుడ్‌రీడ్స్ వంటి పుస్తకాల వెబ్‌సైట్లలో పెట్టుకునే వార్షిక లక్ష్యం కూడా పూర్తిచేసిన పుస్తకాల సంఖ్యే. ఆ సంఖ్య చెడ్డదని నేను అనను. అయితే అదొక్కటే చూసుకునేవారు తమకు తెలియకుండానే పలుచని పుస్తకాల వైపు జారిపోతారు. ఆరువందల పేజీల నవలా ఒకటే, తొంభై పేజీల కథల సంపుటీ ఒకటే అయినప్పుడు, ఆగస్టు వచ్చేసరికి చెయ్యి దానంతటదే సన్నని పుస్తకం వైపు పోతుంది. అందువల్ల మన ఆవర్జాలో పుస్తకాల సంఖ్య పక్కనే పేజీలు ఉంటాయి. వాటికంటే ముఖ్యంగా, చదువు ఎక్కడ తెగిందో ఉంటుంది. నెలాఖరు లెక్క వేసేది అది తెలుసుకోవడానికే.

ఉదాహరణకు నా 2023 నోటుబుక్కు తీస్తున్నాను. ఆ ఏడాది సంకల్పం 24 పుస్తకాలు, 6000 పేజీలు. అంటే నెలకు 500 పేజీలు, రోజుకు సుమారు 16. ఆరు నెలల ఆవర్జా ఇలా ఉంది:

జనవరి 520, ఫిబ్రవరి 410, మార్చి 260, ఏప్రిల్ 380, మే 400, జూన్ 340. మొత్తం 2310 పేజీలు. పూర్తయినవి 10 పుస్తకాలు, మధ్యలో ఆపినవి 3.

సంఖ్య ప్రకారం 12 పూర్తి కావలసిన చోట 10 అయ్యాయి, రెండే తక్కువ. పేజీల ప్రకారం 3000 ఉండవలసిన చోట 690 తక్కువ. పూర్తయిన పదిలో ఆరు, నూటయాభై పేజీలు దాటని పుస్తకాలు. నేను పైన చెప్పిన జారుడు నా నోటుబుక్కులోనే ఉంది.

690 అనగానే గుండె దిగజారినట్టవుతుంది. అక్కడ ఆగకుండా రెండో లెక్క వేయండి. మిగిలినవి 3690 పేజీలు. జూలై 1 నుంచి డిసెంబరు 31 వరకు 184 రోజులు. భాగిస్తే రోజుకు 20. అంటే ఇదివరకటి పదహారుకు ఇంకో నాలుగు పేజీలు కలపాలి, అంతే. మీరు గంటకు పాతిక పేజీలు చదివేవారైతే అది పది నిమిషాల పని. బాకీని మొత్తంగా చూస్తే భయపెడుతుంది, రోజులకు పంచి చూస్తే చేతిలో ఇముడుతుంది. ఈ భాగహారం ప్రతి నెలాఖరునా వేసి, వచ్చిన అంకెను వచ్చే నెల చిట్టా పైన రాసుకోండి. జనవరిలో రాసుకున్న అంకెనే డిసెంబరు దాకా మోయకండి.

ఇప్పుడు అసలు పని. జూన్ నెలను విడదీసి చూద్దాం.

జూన్‌లో చదివింది 340 పేజీలు. చదివిన రోజులు 17, గీతలు పడిన రోజులు 13. చదివిన రోజున సగటు 20 పేజీలు. ఈ రెండు అంకెలను ఎప్పుడూ విడివిడిగా రాయాలి. 340ని నెలలోని 30 రోజులకూ పంచితే 11 చిల్లర వస్తుంది, ఆ అంకె మనకు ఏ దారీ చూపదు. 17 రోజులు, రోజుకు 20 అని రాస్తే విషయం తేటపడుతుంది: కూర్చున్న రోజున చదువు బాగానే సాగింది, కూర్చోని రోజులే ఎక్కువ. వేగం పెంచుకోవాలని కంగారు పడవలసిన అవసరం లేదు. అదే 20 పేజీల చొప్పున ఇంకో ఎనిమిది రోజులు కూర్చుని ఉంటే నెల 500తో నిండేది.

తర్వాత ఆ గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. నా జూన్‌లో 13 గీతల్లో 12 ఒకే వరుసలో ఉన్నాయి, 5వ తేదీ నుంచి 16 వరకు. బడులు తెరిచే రోజులు కదా, పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫారాలు కుట్టించడం వల్ల తీరిక దొరకలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ ఆ పనులు నాలుగైదు రోజులవి. పన్నెండు రోజులు ఎందుకయ్యాయి? చిట్టాలో 4వ తేదీ వరుస చూశాక తెలిసింది. ఆ రోజు ఒక పుస్తకం పూర్తయింది. తర్వాత చదవవలసినది ఇంట్లో లేదు. ఏది చదవాలో నిర్ణయించుకునేలోగా పనులు వచ్చిపడ్డాయి, పనులు అయిపోయాక కూడా పుస్తకం రాలేదు.

ఆ సందేహంతో వెనక్కి తిప్పి చూశాను. మార్చిలో, ఏప్రిల్‌లో కూడా పెద్ద ఖాళీలన్నీ ఒక పుస్తకం ముగిసిన మర్నాడే మొదలయ్యాయి. జనవరిలో అటువంటి ఖాళీ ఒక్కటీ లేదు. కారణం తేలికగానే దొరికింది: ముందుగానే కొని తెచ్చుకున్న పుస్తకాల సంచీ అప్పటికి నిండుగా ఉంది. ఒకటి ముగియగానే చెయ్యి చాపితే ఇంకొకటి అందేది. నా చదువు పుస్తకం మధ్యలో కంటే, పుస్తకానికీ పుస్తకానికీ నడుమ ఎక్కువగా తెగుతోందని ఆ రోజే తెలుసుకున్నాను. పుస్తకాల సంఖ్య ఒక్కటే రాసుకుని ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. ముగిసిన ప్రతి పుస్తకమూ అక్కడ విజయంగానే కనబడుతుంది.

ఇక ఆపిన మూడు పుస్తకాలు. వాటిలో చదివిన పేజీలు మొత్తంలో కలపాలి, చదివినది చదివినట్టే. పుస్తకాల సంఖ్యలో మాత్రం కలపకూడదు. ఆవర్జాలో వాటికి విడిగా ఒక పేజీ కేటాయించి, ఆపిన పేజీ, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాయండి. నావి 94, 112, 124 పేజీల దగ్గర ఆగాయి. మూడూ అయిదు వందల పేజీలు దాటినవే, ఆ మేర చదవడానికి మూడింటికీ దాదాపు మూడేసి వారాలు పట్టింది. పెద్ద నవలలో మొదటి వంద పేజీల్లో మనుషులు పరిచయమవుతారు. ఆ పరిచయాన్ని మూడు వారాలు సాగదీస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో మరిచిపోతాం, మళ్లీ తెరవాలంటే బరువనిపిస్తుంది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న నియమం: పెద్ద పుస్తకం మొదలుపెట్టిన వారంలో మరో పుస్తకం ముట్టను, మొదటి వంద పేజీలు ఆ వారంలోనే దాటుతాను. ఇది నా చిట్టాలోంచి వచ్చిన నియమం. మీ పుస్తకాలు మరోచోట ఆగుతూ ఉండవచ్చు. కనీసం మూడు పుస్తకాలు ఆగేవరకు ఏ నియమమూ పెట్టుకోకండి.

పేజీ అన్న కొలత అన్నిటికీ పనికిరాదు. అమరావతి కథలు వంద కథల సంపుటం. దానిలో ముప్ఫై చదివి పక్కన పెట్టినవారు పుస్తకం ఆపినట్టు కాదు, అక్కడ కథల సంఖ్యే రాసుకోవాలి. ఆంధ్రమహాభారతం చదువుతున్నవారికి పర్వమే కొలత. మొత్తం 18 పర్వాల్లో తిక్కన రచించినవే విరాటపర్వం మొదలు పదిహేను, కాబట్టి ఒక్కొక్క పర్వాన్ని ఒక్కొక్క పుస్తకంగా ఎంచడం న్యాయం. పద్యానికి రోజుకు ఇరవై పేజీల లక్ష్యం పెట్టడం అన్యాయం. మంచి పద్యం ఒకటి రెండుసార్లు పైకి చదువుకుంటే ఆ రోజుకు చాలు, చిట్టాలో పద్యాల సంఖ్య రాయండి. కన్యాశుల్కం చదివేవారు ఏ కూర్పో తప్పక రాసుకోవాలి. 1897 నాటి మొదటి కూర్పు, గురజాడ బాగా మార్చి పెంచిన 1909 నాటి రెండో కూర్పు ఒకటి కావు. గ్రంథాలయం ప్రతిలో మొదలుపెట్టి సొంత ప్రతిలో కొనసాగించేవారికి ముద్రణ మారితే పేజీ అంకె కుదరదు, పక్కన అధ్యాయం కూడా రాసుకుంటే మేలు.

ఫోనులో చదివేవారికి అక్షరం పెద్దది చేయగానే పేజీలు మారిపోతాయి. అక్కడ శాతం రాసి, అచ్చు ప్రతి పేజీలతో హెచ్చవేయండి: 250 పేజీల పుస్తకంలో 40 శాతం అంటే 100 పేజీలు. విని చదివే పుస్తకాలకూ ఇదే పద్ధతి.

ఇంకొక మాట. పన్నెండు నెలలకూ సమానంగా 500 పంచడం నా మొదటి సంకల్పంలోని లోపం. మన ఏడాది సమానంగా నడవదు. మార్చిలో పిల్లల పరీక్షలు, కార్యాలయాల్లో లెక్కల ముగింపు. వేసవిలో ఆవకాయలు, ప్రయాణాలు, పెళ్లిళ్లు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, వానకు బయటి పనులు తగ్గుతాయి. నా ఆవర్జాలన్నిటిలో చదువుకు బాగా కలిసివచ్చినవి ఆ రోజులే. ఒక ఏడాది ఆవర్జా చేతికి వచ్చాక వచ్చే సంకల్పంలో మార్చికి 300, జూలైకి 700 అని ధైర్యంగా రాయవచ్చు. అప్పుడు మార్చిలో 310 చదివిన మనిషి ఓడినట్టు కాదు.

అభ్యాసం

గడిచిన నెల చిట్టా తెరవండి. చదివిన రోజులు, మొత్తం పేజీలు, చదివిన రోజుకు సగటు, ఈ మూడూ ఆవర్జాలో రాయండి. తర్వాత మూడు రోజులకు మించిన ప్రతి ఖాళీకీ ముందు రోజు వరుస చూసి, ఆ రోజు పుస్తకం పూర్తయిందా, మధ్యలో ఉందా అన్నది ఒక్క మాటలో రాయండి. కారణాలు వెతకవద్దు, ముందు ఆ మాట మాత్రం రాయండి. మూడు నెలల మాటలు ఒకదాని కింద ఒకటి చేరాక కారణం దానంతటదే కనబడుతుంది.

చివరి వరుసలో, ఇప్పుడు చదువుతున్న పుస్తకం తర్వాత చదవబోయే పుస్తకం పేరు రాయండి. ఆ పుస్తకం ఈ క్షణాన మీ ఇంట్లో ఉంటేనే రాయాలి. లేకపోతే ఆ వరుస ఖాళీగా ఉంచి, ఈ ఆదివారం లోపల గ్రంథాలయానికో పుస్తకాల కొట్టుకో వెళ్లి వచ్చి నింపండి. అయిదో పాఠం ఆ వరుస నిండినవారికి.