వేసవి రాకముందే: కొత్త ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక, నీటి ప్రవాహం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టదలచుకున్నవారు ఇసుక పరచడం, పంపుల దిశ సరిచేయడం అనే రెండు పనులనూ శివరాత్రికి, ఉగాదికి మధ్యలోనే ముగించుకోవడం మంచిది. ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటిలో కంటే తక్కువగా కరుగుతుంది. సముద్రపు నీటి సాంద్రతలో, 25 డిగ్రీల వేడి దగ్గర లీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు నిలిచే ఆక్సిజన్, 30 డిగ్రీలకు చేరేసరికి 6.2 దగ్గరకు పడిపోతుంది. చేపలతో పాటు ఇసుకలో పెరిగే బాక్టీరియా కూడా ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కాబట్టి, కుదురుకోని ఇసుకను ఎండలు ముదిరిన మే నెలలో కదిలిస్తే నష్టం చాలా వేగంగా జరుగుతుంది.

ముందుగా ఇసుక ఎంపిక. మానేరు ఇసుక, గోదావరి ఇసుక మనకు సులువుగా దొరుకుతాయి గానీ, వాటిలో ఉండే మట్టి, సేంద్రియ పదార్థం ఎంత కడిగినా పూర్తిగా పోవు. పైగా అవి ప్రధానంగా సిలికా రేణువులు కాబట్టి నీటి క్షారతకు ఏమాత్రం తోడ్పడవు. సముద్రతీరం నుంచి సంచిలో ఇసుక తెచ్చుకోవడం కూడా సరికాదు, అందులో ఏ కాలుష్యం కలిసి ఉందో కంటికి కనబడదు. కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన అరగొనైట్ ఇసుకనే కొనాలి. రేణువు పరిమాణాన్ని మాత్రం రంగు చూసి కాక, పెట్టబోయే ప్రవాహాన్ని బట్టి నిర్ణయించాలి: పంచదార కంటే సన్నగా ఉండే ఇసుక చూడడానికి అందంగా ఉన్నా బలమైన ప్రవాహానికి నిలవదు, 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులైతే కొత్తవారికి అనుకూలం.

మందం 2 నుంచి 3 సెంటీమీటర్లు చాలు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న సుమారు 200 లీటర్ల తొట్టికి ఈ లెక్కన 15 కిలోల ఇసుక సరిపోతుంది. అంతకంటే మందంగా పోస్తే అడుగున వ్యర్థాలు పేరుకుని, గాలి చొరబడని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తయారయ్యే అవకాశం ఉంటుంది. పొడి ఇసుకను బకెట్‌లో కొద్దికొద్దిగా వేసి, చేత్తో కలుపుతూ, పాలలా తేలే నీటిని ఒంపుతూ, నీరు దాదాపు తేటపడేవరకు కడగాలి; చివరిసారి ఆర్ఓ నీటితో కడిగితే మరీ మంచిది. బాక్టీరియాతో తడిగా అమ్మే లైవ్ శాండ్‌ను మాత్రం కడగకూడదు.

రాళ్ళను ఇసుక మీద పేర్చకూడదు. మొదట వాటిని అడుగు అద్దంపై నేరుగా కుదురుగా నిలిపి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే ఇసుకలో బొరియలు చేసే గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు అడుగును తవ్వినప్పుడు రాళ్ళ గుట్ట ఒరిగి అద్దం పగిలే ప్రమాదం ఉంది. ఉప్పును వేరే డ్రమ్ములో ఆర్ఓ, డీఐ (నీటిలో మిగిలిన లవణాలనూ తీసేసే) వడపోత నీటిలో కలిపి, స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.025 దగ్గర ఉందని చూసుకున్న తరువాత, ఇసుకపై ఒక పళ్ళెం ఉంచి దానిమీద పడేలా నెమ్మదిగా పోయాలి. బోరు నీళ్ళలోని గట్టిదనం, నల్లా నీళ్ళలోని క్లోరిన్ ఇక్కడ పనికిరావు. నింపిన తరువాత ఒకటి రెండు రోజులు నీరు తెల్లగా మసకబారి ఉండడం సహజమే కాబట్టి కంగారుపడి నీరు మార్చనక్కరలేదు. అయితే మసక తగ్గేవరకు వేవ్‌మేకర్లను, అంటే తొట్టిలోపల నీటిని కదిలించే చిన్న పంపులను, నడపకపోవడమే మేలు. ఒక్క రేణువు పంపులో తిరిగే రోటరుకు, దాని గూటికి మధ్య చిక్కుకున్నా, గరగరమనే శబ్దంతో మొదలై ఇరుసు అరిగిపోతుంది.

ఇక ప్రవాహం. చేపలు, మెత్తని పగడాలు మాత్రమే ఉంచేవారికి గంటకు తొట్టి పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు చాలు. అంటే 200 లీటర్ల తొట్టికి అన్ని పంపులూ కలిపి గరిష్ఠంగా 4,000 లీటర్లు. గట్టి పగడాలకు ఇంకా ఎక్కువ కావాలి గానీ, ఆ స్థాయికి నెలల తరువాత చేరుకోవచ్చు. ఒకే పెద్ద వేవ్‌మేకర్ కంటే వేగం తగ్గించుకోగల రెండు చిన్నవి మేలు. వాటిని పై మూడోవంతులో, ఎదురెదురుగా, కొద్దిగా పైకి తిరిగి ఉండేలా బిగించాలి. నీటి ఉపరితలం అంతటా అలలు కదలాలి, ఎందుకంటే ఆక్సిజన్ లోపలికి చేరేది అక్కడినుంచే.

వేగాన్ని కనిష్ఠంలో మొదలుపెట్టి కొన్ని రోజులకొకసారి కొంచెం పెంచుతూ, పెంచిన ప్రతిసారీ మరునాడు ఉదయం ఇసుకను పరిశీలించాలి. సాధారణంగా పంపుకు ఎదురుగా ఉన్న మూలలో ముందుగా అద్దం బయటపడి, ఆ ఇసుక రాయి వెనుక గుట్టగా చేరుతుంది. అప్పుడు ఇసుకను మళ్ళీ సర్దడం వృథా. పంపు కోణాన్నే మార్చాలి, లేదా ఆ మూలలో లావు రేణువులు వేయాలి. మొదటి వారాల్లో ఇసుకపై గోధుమరంగు పొడిలా కనిపించేది డయాటమ్‌లనే సూక్ష్మ నాచే, అవి వాటంతటవే తగ్గుతాయి. ఎర్రని, జిగురు పొర ఒకే చోట పదేపదే వస్తే అక్కడ నీరు నిలిచిపోతోందని గ్రహించి ప్రవాహాన్ని అటు మళ్ళించాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు పోవడం మనకు అలవాటైన విషయం, అందుకే ఆ పరీక్షను చేపలు రాకముందే మనమే పెట్టుకోవాలి. సంప్ (తొట్టి కింద ఉండే వడపోత తొట్టి) నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు ఆపి, నీరు ఎంతవరకు వెనక్కి దిగుతుందో సంప్ దగ్గర నిలబడి చూడాలి. పైన చెప్పిన తొట్టిలో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు 4 లీటర్లు కిందికి వచ్చినట్టు. రిటర్న్ పైపు నోరు 5 సెంటీమీటర్ల లోతులో ఉంటే 20 లీటర్లు దిగుతాయి, అంత ఖాళీ సంప్‌లో ఉండి తీరాలి. నోరు ఉపరితలానికి దగ్గరగా పెట్టడం అన్నిటికంటే తేలిక ఉపాయం. కనీసం ఒక వేవ్‌మేకర్‌కైనా ఇన్వర్టర్ ఆధారం ఉండాలి, అది లేనివారు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది కాబట్టి రాత్రి కోతలను మరింత జాగ్రత్తగా చూడాలి. తీగలు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళేలా అమర్చి, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, అన్ని స్విచ్చులూ ఆపిన తరువాతే నీటిలో చేయి పెట్టాలి.

నీటి వేడిని 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచడానికి ఉపరితలంపై వీచే చిన్న ఫ్యాను మన పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, కానీ అదే గదిలో నీళ్ళ కూలర్ నడిస్తే గాలిలో తేమ పెరిగి ఆ ఫలితం తగ్గుతుంది. గది ఎప్పుడూ 35 డిగ్రీలు దాటే ఇళ్ళలో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా పగడాలు పెట్టకూడదని నా అభిప్రాయం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్ఓ నీటిని రోజూ పోయాలి. సంప్ మట్టం పడిపోతే రిటర్న్ పంపు గాలి పీల్చి, ప్రవాహం తగ్గి, తొట్టి నిండా సన్నని బుడగలు వస్తాయి. రోహిణి కార్తె ముగిసేవరకు ఇసుకను లోతుగా సైఫన్ చేయవద్దు, అంటే గొట్టంతో వ్యర్థాలను లాగవద్దు. అవసరమైతే ఒక వారం ఒక మూల పైపొరను మాత్రమే, అదీ ఉదయం పూట, పంపులన్నీ నడుస్తున్న రోజున తీయాలి.