పట్టణ ప్రణాళికలో ప్రజారోగ్యం – 4వ పాఠం: ఊరు నిండకముందు మురుగు, మంచినీటి లెక్క

గత పాఠంలో జనాభా అంచనా చూశాం. ఈసారి మురుగు పైపు వాలు, మంచినీటి నిల్వ లెక్కిద్దాం. రెండింటిలోనూ చాలామంది ఒకేచోట పప్పులో కాలేస్తారు. ఊరు నిండాక ఉండే జనానికి లెక్క కట్టి, పదో వంతు ఇళ్లలోనే దీపాలు వెలిగే తొలి ఏళ్లను వదిలేస్తారు. రోగాలకు అదను దొరికేది ఆ ఏళ్లలోనే.

అమరావతి నేలనే తీసుకుందాం. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం, ఎక్కువచోట్ల నల్లరేగడి, ఒక పక్క కృష్ణ, మధ్యలో కొండవీటి వాగు. అక్కడ 20,000 మందికి ఒక సెక్టారు కడుతున్నాం అనుకోండి.

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 27 లక్షల లీటర్ల నీరు కావాలి. అందులో 80 శాతం మురుగవుతుంది, అంటే 21.6 లక్షల లీటర్లు. 86,400 సెకన్లతో భాగిస్తే సెకనుకు 25 లీటర్లు. పొద్దున్నే అందరూ ఒకేసారి వాడతారు గనక 20,000 లోపు జనాభాకు దాన్ని మూడింతలు చేయాలి: 75 లీటర్లు. 350 మిల్లీమీటర్ల పైపును 360 మీటర్లకు ఒక మీటరు వాలుతో వేస్తే, పైపు ఎనభై శాతం ఎత్తు వరకు నిండి ఈ ప్రవాహం సరిగ్గా సరిపోతుంది. వేగం సెకనుకు 0.9 మీటరు. చాలా డ్రాయింగులు ఇక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు మొదటి ఏడాది చూడండి. 2,000 మందే వచ్చారు. పొద్దుటి గరిష్ఠ ప్రవాహం 7.5 లీటర్లు. అదే పైపులో, అదే వాలులో వేగం 0.5 మీటరుకు పడిపోతుంది. మలం, ఇసుక అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే కనీసం 0.6 ఉండాలి. మిగతా సమయాల్లో ప్రవాహం ఇంకా తక్కువ, వేగమూ అంతే. పేరుకున్నది కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కాంక్రీటు పైపు పైకప్పును తినేసేది, మ్యాన్‌హోల్‌లో దిగిన మనిషి ప్రాణం తీసేది ఆ వాయువే. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించినా, పైపు పూడిపోతే ఎవరో ఒకరిని దించుతూనే ఉన్నారు. ఆ చావుకు బీజం పడేది డ్రాయింగు బల్ల మీదే.

వాలును 220కి ఒకటి చేస్తే 7.5 లీటర్లకు కూడా 0.6 వస్తుంది. అయితే కిలోమీటరుకు 2.8 మీటర్లు దిగే పైపు 4.5 మీటర్లు దిగుతుంది. నది పక్కన ఊట ఎక్కువ. ఆ లోతులో తవ్వకం నుంచి నీళ్లు తోడుతూనే ఉండాలి, చివర ఓ పంపింగ్ స్టేషన్ కూడా తప్పకపోవచ్చు. మా ఓటు మరో దారికి: ప్లాట్లను చెల్లాచెదురుగా ఇవ్వకుండా, ఒక మురుగు లైను పరిధి నిండాకే పక్క లైను పరిధిని తెరవండి. ఖర్చు లేని పరిష్కారమిది. ఒప్పించాల్సింది మాత్రం ఇంజనీర్లను కాదు, అమ్మకాల విభాగాన్ని.

మంచినీటిదీ ఇదే కథ. ఒక రోజు అవసరానికి 27 లక్షల లీటర్ల ట్యాంకు కట్టారు. 2,000 మంది వాడితే అందులో నీరు పది రోజులు నిలవ ఉంటుంది. మన ఎండలకు క్లోరిన్ అన్నాళ్లు నిలవదు. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. అందుకని ట్యాంకును మొదటే రెండు గదులుగా కట్టి, తొలి ఏళ్లలో ఒకటే, అదీ కొంతవరకే నింపండి. వీధి చివర ముందుకు పోకుండా ఆగిపోయే పైపుల్లోనూ నీరు నిలిచిపోతుంది గనక, వాటిని పక్క లైనుతో కలపండి. కుదరకపోతే అక్కడ వాల్వు పెట్టి వారానికోసారి నీళ్లు వదిలేయండి.

నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. సిమెంటు పూసిన అతుకులు ఊడిపోతాయి. రబ్బరు రింగు అతుకులు, కింద ఇసుక పరుపు తప్పనిసరి. మంచినీటి పైపు మురుగు పైపుకు 3 మీటర్ల దూరంలో ఉండాలి. వీధి ఇరుకైతే వేరే కందకంలో, మురుగు పైపు పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తున వేయాలి. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలేచోట ఇది మరీ ముఖ్యం. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోయి, అతుకు చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది.

శుద్ధి చేసిన మురుగునీటిని వాగులోకి వదిలేద్దామని తేలిగ్గా అనేస్తారు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కొండవీటి వాగు తనంతట తాను నదిలో కలవలేదు. అందుకే ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం కట్టారు. ఆ నీరు చేరేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, అంటే డెల్టా కాలువలకూ ఊళ్ల మంచినీటి చెరువులకూ వెళ్లే నీటిలోనే. కాబట్టి బీఓడీ (నీటిలోని కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలత) ఒక్కటే చూస్తే చాలదు. మల కోలిఫారంలు (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 1,000 దాటకూడదని 2017 కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది, అంటే చివర్లో క్లోరిన్ లేదా అతినీలలోహిత కిరణాల దశ ఉండాల్సిందే.

అభ్యాసం: జనాభా 30,000, మొదటి ఏడాది 3,000. రెండు గరిష్ఠ ప్రవాహాలు కట్టండి. 20,000 దాటి 50,000 వరకు గుణకం 2.5. జవాబు: సెకనుకు 93.75 లీటర్లు, 11.25 లీటర్లు. రెండోది 9.4 వచ్చిందంటే, 3,000 మందికి కూడా 2.5 గుణకమే వాడారన్నమాట. ఆ ఏడాదికి 3తోనే గుణించాలి.