మన ఊరిని మ్యాపులో ఎక్కించడం: గెడ్డలు, బందలు, వీధుల పేర్లతో సహా

ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో శ్రీకాకుళం జిల్లా తెరిస్తే జాతీయ రహదారి 16, నాగావళి, వంశధార వెంటనే కనిపిస్తాయి. చాలా పల్లెల్లోకి దిగితే మాత్రం పేర్లు లేని గీతలే. ఉపగ్రహ చిత్రం చూసి ఇళ్లూ రోడ్లూ ఎక్కడివాళ్లయినా గీసేస్తారు. గెడ్డ (వాగు) పేరు, తుఫాను షెల్టరు, వానొస్తే మునిగే దారి చెప్పాల్సింది ఊరివాళ్లే. మీ సమయమంతా అక్కడ పెట్టండి.

ఉచితంగా ఖాతా తెరిచి, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఊరిని వెతికి ‘ఎడిట్’ నొక్కండి. వెంటనే గీయడం మొదలుపెట్టొద్దు. వెనకున్న ఉపగ్రహ చిత్రం కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. ముందు ఫోన్‌లో ఆస్మ్‌ఆండ్ (OsmAnd) అనే మ్యాపు యాప్ పెట్టి, రోడ్డు వెంట పోయి వచ్చి, నడిచిన దారిని (ట్రాక్) రికార్డు చేయండి. ఆ దారి ఉన్న జీపీఎక్స్ (GPX) ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచిన ఎడిటర్ మీదకు లాగితే గీత కనిపిస్తుంది. చిత్రంలోని రోడ్డు దానికి దూరంగా ఉంటే బ్యాక్‌గ్రౌండ్ ప్యానెల్‌లో చిత్రాన్ని జరపండి. జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల కింద ఫోన్ జీపీఎస్సే తప్పుతుంది కాబట్టి ఈ పోలిక ఆకాశం బాగా కనిపించే రోడ్డు మీదే చూడాలి.

ఊళ్లో సిమెంటు వీధులకు ‘రెసిడెన్షియల్’, పొలాల్లోకి ట్రాక్టరు పోయే బాటకు ‘ట్రాక్’, ఊరినీ ఊరినీ కలిపే చిన్న తారు రోడ్డుకు ‘అన్‌క్లాసిఫైడ్’ ఎంచుకోండి. చివరిది ‘ఏదో తెలియని రోడ్డు’ అనుకుని చాలామంది వదిలేస్తారు. అది చిన్న రోడ్ల తరగతి, అంతే. రెండు రోడ్లు కలిసేచోట ఒకే బిందువు ఉండాలి. చూపుకు తాకినట్టున్నా బిందువు కలవకపోతే దారి చూపే యాప్ అక్కడ ఆగిపోతుంది.

గెడ్డను ఎగువ నుంచి దిగువకే గీయాలి, గీత దిశే ప్రవాహ దిశ. ఎండాకాలం ఎండిపోతే ‘ఇంటర్‌మిటెంట్’ అని పెట్టండి. రోడ్డును దాటే చోటే అసలు పని. వంతెనుంటే ‘బ్రిడ్జ్’, తూముంటే ‘కల్వర్ట్’, నీళ్లు రోడ్డు మీదుగానే పారితే ‘ఫోర్డ్’. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి ఉద్దానంలో దారులు మూసుకుపోయాయి. అలాంటప్పుడు రెండో దారి ఏదో, అది గెడ్డ పొంగితే పనికొస్తుందో లేదో మ్యాపులో ఉండటం అవసరం.

పేర్లకు ఊరి పెద్దలను అడగండి. తెలుగు పేరును ‘నేమ్:టీఈ’ (name:te) గడిలో రాయండి. ముందే ఉన్న పేరును చెరపొద్దు. రికార్డులో ఒకటి, జనం నోట మరొకటి ఉంటే రెండోది ‘ఆల్ట్ నేమ్’ (alt_name) గడిలో. చెరువుకూ బందకూ (చిన్న కుంట) ఇదే పద్ధతి. గూగుల్ మ్యాప్స్ నుంచి ఒక్క పేరు కూడా ఎత్తిరాయకండి. ఆ సమాచారం హక్కులు వేరేవాళ్లవి, బయటపడితే మీ మార్పులు తీసేస్తారు. ఇంటి యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు అసలే వద్దు.

ఒక పేట పూర్తవగానే ‘నడిచి చూసి వీధి పేర్లు, గెడ్డ చేర్చాం’ వంటి వ్యాఖ్యతో సేవ్ చేయండి. జిల్లా అంతటా చుక్కలు పెట్టి ఒకేసారి పంపితే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు. వెబ్‌సైటులో మార్పు సాధారణంగా నిమిషాల్లో కనిపిస్తుంది. ఫోన్‌లో దింపుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు మాత్రం అప్‌డేట్ చేస్తేనే మారుతుంది.