పన్ను పోటుకి లవంగ నూనె, ఒక్క చుక్క చాలు

పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర చూసొచ్చిన రాత్రి పదకొండింటికి నా పిప్పి పన్ను మొదలెట్టింది, పగలంతా జీళ్లూ ఖాజాలూ నమిలితే ఊరుకుంటదా మరి. విజయనగరంలో ఆ టైంకి డెంటిస్ట్ ఎక్కడ దొరుకుతాడు, ఇంట్లో లవంగ నూనె సీసా కనపడితే వేలికి బాగా పూసి నేరుగా చిగురు మీద రుద్దేశా. పన్ను సంగతి దేవుడెరుగు, చిగురు భగ్గుమంది. రెండోసారి పూయబోతుంటే మా పిన్ని లేచొచ్చి "అంత పోసీకురా బాబూ, నోరు కాలిపోద్ది" అని సీసా లాక్కుంది. తెల్లారేసరికి చిగురు తెల్లగా పొక్కింది కూడా.

పిన్ని చెప్పిన పద్ధతి ఇదీ. టీ స్పూన్ కొబ్బరి నూనెలో లవంగ నూనె ఒక్క చుక్క. దూది మిరియపు గింజంత ఉండ చేసి అందులో ముంచి, స్పూన్ అంచుకి నొక్కి పిండేసి, పన్ను గుల్లలో మాత్రమే పెట్టాలి, చిగురుకీ నాలుకకీ తగలకుండా. ఐదు పది నిమిషాలు ఉంచి, ఊరే ఉమ్మి మింగకుండా ఉమ్మేసి, దూది తీసి గోరువెచ్చని ఉప్పు నీళ్లతో పుక్కిలించండి. తిమ్మిరెక్కినట్టయ్యి పోటు తగ్గుద్ది, ఆ రాత్రి గడుస్తుంది అంతే, గుల్ల మాత్రం అలాగే ఉంటది కాబట్టి పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఆ తిమ్మిరంతా యూజినాల్ అనే పదార్థం పని, మొగ్గల నుంచి తీసిన నూనెలో 70 నుంచి 90 శాతం దాకా అదే ఉంటది. డెంటల్ క్లినిక్‌లో అడుగు పెట్టగానే కొట్టే వాసన గుర్తుందా, అదే, టెంపరరీ ఫిల్లింగ్‌కి జింక్ ఆక్సైడ్‌తో దీన్నే కలుపుతారు.

లవంగం అంటే పువ్వు విచ్చకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. పుట్టిల్లు ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవులు. డచ్చివాళ్లు ఆ వ్యాపారం గుప్పిట్లో పెట్టుకుని వేరే చోట మొక్క బతక్కుండా చెట్లు నరికించేవాళ్లు, చివరికి 1770లో పియర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచాయన మనుషుల్ని పంపించి దొంగచాటుగా మొక్కలు మారిషస్‌కి తెప్పించాడు. తర్వాత జాంజిబార్‌కీ వెళ్లింది, మన వైపైతే కన్యాకుమారి జిల్లాలో బాగా పండిస్తారు. నూనె తీసేది ఆవిరి పట్టి. ఇంట్లో లవంగాలు కొబ్బరి నూనెలో కాచుకునేది వేరే సరుకు, బాగా పల్చన, రెండిటికీ ఒకే కొలత అనుకోకండి.

కొనేటప్పుడు లేబుల్ మీద క్లోవ్ బడ్ అని ఉందో లీఫ్ అని ఉందో చూడండి, ఆకు నూనె చవకే గానీ ఘాటు మొరటుగా ఉంటది. ఇంటికొచ్చాక గాజు గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేస్తే అది పూసలా గుండ్రంగా అడుగుకి దిగాలి, ఎందుకంటే ఇది నీళ్ల కంటే బరువు. చుక్క మొత్తం పైనే తేలిపోతుంటే వేరే నూనె కలిపారేమో అని నాకైతే అనుమానమే. కలుపుకోడానికి మాత్రం థర్మోకోల్ కప్పు వాడకండి, కప్పుని తినేస్తుంది.

చిన్న పిల్లలకి అస్సలు పెట్టొద్దు, పొరపాటున మింగితే కాలేయానికే ప్రమాదం, మా ఇంట్లో సీసా ఇప్పుడు బీరువా పై అరలో ఉంటోంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లూ గర్భిణులూ డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. దవడ వాచినా జ్వరం వచ్చినా ఈ దూది జోలికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లిపోండి.