పాత ఇంటికి చారిత్రక హోదా కోరే ముందు

అమెరికాలో స్థానిక చారిత్రక హోదాకు దరఖాస్తు పెట్టేముందు ఇవి చూసుకోండి.

• 1966 చట్టంతో వచ్చిన జాతీయ రిజిస్టరు (దేశస్థాయి చారిత్రక స్థలాల జాబితా) వేరు, నగరం ఇచ్చే హోదా వేరు. సొంత డబ్బుతో ఇల్లు మార్చుకుంటే మొదటిది అడ్డుపడదు. చేతులు కట్టేసేది రెండోదే.

• చాలా ఊళ్లలో బయటికి కనిపించే మార్పులకు ఆ ఊరి చారిత్రక కట్టడాల కమిషన్ అనుమతి కావాలి. చెక్క కిటికీలు పీకి వినైల్‌వి బిగిస్తామంటే ఒప్పుకోవడం అరుదు. కిటికీలు, పైకప్పు, వరండా స్తంభాల మరమ్మతు ఖర్చు ముందే లెక్క వేయించండి. వంటగది జోలికి మామూలుగా రారు (అదొక్కటే ఊరట).

• 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీని నమ్ముకోకండి. అది ఆదాయం తెచ్చే భవనాలకే, మీరుండే ఇంటికి కాదు.

• ఇల్లు ఏ ఏడాది కట్టారో తెలియాలంటే దస్తావేజులు, శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు (బీమా కోసం ఊళ్లలోని భవనాలను గీసిన పాత పటాలు) వెతకండి.

• ఇల్లు అమ్మినా హోదా పోదు; కొనేవారికి చెప్పండి.